కన్నీటితో చెదరని సంతోషం

 

గడచిన మాసంలో ఒకనాడు మా మదరసాలో తఫ్సీరు పాఠం జరుగుతుండగా ఖారూన్ వృత్తాంతం వచ్చింది. సూరా అల్ ఖసస్, 76వ ఆయతు. తన సంపదను చూసుకొని మిడిసిపడుతున్న ఖారూన్‌ను అతని జాతివారే మందలించిన సందర్భమది. అలా సంతోషించవద్దని, అటువంటి సంతోషపరులను అల్లాహ్ ప్రేమించడని వారు అతనికి హితవు చెప్పారు. అక్కడ వచ్చిన పదం ‘ఫరహ్’ ధాతువుకు చెందినది. ఆయతు చదివి, అర్థం వివరించి ముందుకు సాగబోతుండగా చివరి వరుసలో కూర్చునే ఒక విద్యార్థి చేయెత్తాడు.

“హజ్రత్, సూరా యూనుస్‌లో సంతోషించమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు కదా. అక్కడా ఇదే పదం ఉంది. ఇక్కడేమో వద్దని ఉంది. ఇంతకీ మేము సంతోషించాలా, మానాలా?”

తరగతిలో నవ్వులు వినిపించాయి. మేము మాత్రం నవ్వలేకపోయాము. ప్రశ్న చక్కనిది. తోచిన సమాధానం చెప్పాము. అది తప్పు కూడా కాదు. కానీ ఇదే సమాధానాన్ని మేము సుమారు పన్నెండేళ్ళ క్రితం, అది ఎంతో అవసరమైన ఒక ఇంట్లో చెప్పలేకపోయాము. దానికి బదులు మరొకటి చెప్పి ఒక తల్లి మనసును గాయపరిచాము. కనుక ఈ నెల ఈ శీర్షికలో ముందుగా ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానాన్నీ, ఆ తరువాత మా తప్పునూ మీ ముందు ఉంచుతున్నాము.

ఆ రెండు ఆయతులను పక్కపక్కన పెట్టి చూడండి. సూరా యూనుస్ 58వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాన్నీ, కారుణ్యాన్నీ పేర్కొని, ప్రజలు వాటిని బట్టి సంతోషించాలనీ, వారు కూడబెట్టే సమస్తం కంటే అవే మేలైనవనీ తెలియజేశాడు. ఖారూన్ సంతోషమో, అతను కూడబెట్టిన దానిని బట్టి కలిగింది. పదం ఒక్కటే. ఆ సంతోషం దేనిమీద నిలబడి ఉన్నదన్నదే తేడా. ఒకటి ఇచ్చినవాని వైపు చూస్తుంది. మరొకటి చేతిలో ఉన్నదానినే చూస్తుంది. ఆ చేయి కూడా ఒకరు ఇచ్చినదేనని మరచిపోతుంది.

ఖారూన్ మాటల్లో ఆ మరపు స్పష్టంగా కనిపిస్తుంది. అతని ఖజానాల తాళపుచెవులే బలవంతులైన ఒక బృందానికి సైతం భారమయ్యేవని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది. అంతటి ధనం ఎలా వచ్చిందంటే, తన దగ్గరున్న జ్ఞానం వల్లనే తనకు లభించిందని అతను బదులిచ్చాడు. అతని జాతివారిలోని సజ్జనులు అతణ్ణి సన్యసించమని చెప్పలేదు. ఇహలోకంలో తన వంతును మరువవద్దనే చెప్పారు. దానితో పాటు పరలోక గృహాన్ని కోరుకోమన్నారు, అల్లాహ్ తనకు మేలు చేసినట్లే తానూ ఇతరులకు మేలు చేయమన్నారు. ఇస్లాం సంతోషాన్ని నిషేధించిందని భావించేవారు ఈ ఆయతులను మరొకసారి చదవాలి. మంచి ఆహారం, మంచి వస్త్రం, ఇంటిల్లిపాది నవ్వులు ఇవేవీ ఖారూన్ నేరాలు కావు. వాటి వెనుక ఉన్న దాతను తుడిచివేయటమే అతని నేరం.

అయితే ఆ వృత్తాంతంలో మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది ఖారూన్ కాదు, అతణ్ణి చూస్తూ నిలబడిన జనం. అతను సకల వైభవంతో అలంకరించుకొని ప్రజల ముందుకు వచ్చినప్పుడు, ప్రాపంచిక జీవితాన్ని కోరుకునేవారు అతనికి ఇచ్చినటువంటిది తమకూ ఉంటే ఎంత బాగుండేదోనని వాపోయారు. అతను ఎంతో అదృష్టవంతుడని అనుకున్నారు. మరునాటికి అతనూ, అతని ఇల్లూ భూమిలో కూరుకుపోయినప్పుడు, అదే నోళ్ళు అల్లాహ్ తమను కాపాడాడని పలికాయి. ఖారూన్ చేతిలో ధనమైనా ఉండేది. ఈ చూపరులకు ఆ ధనమూ లేదు, తమకు ఉన్నదానిలో మనశ్శాంతీ లేదు. ఒక మనిషి ఊరేగింపు ఒక ఊరి ప్రజలందరి సంతోషాన్నీ హరించివేసింది.

నేడు ఆ ఊరేగింపు చూడటానికి వీధిలోకి వెళ్ళనక్కరలేదు. అది మన అరచేతిలోని ఫోనులోనే రోజంతా సాగుతోంది. ఒకరి కొత్త కారు, ఒకరి కుమార్తెకు పెట్టిన బంగారం, ఒకరి వలీమా విందులో వడ్డించిన రకాలు. ఇషా నమాజు చేసి, పిల్లలతో కలిసి కడుపునిండా తిని, ఆరోగ్యంగా పడుకోబోతున్న మనిషి పది నిమిషాలు ఫోను చూసి నిట్టూర్పుతో కళ్ళు మూసుకుంటున్నాడు. తన కుటుంబంలో భద్రంగా, శరీరంలో ఆరోగ్యంగా, ఆ పూట తిండి చేతిలో ఉండగా ఎవరు తెల్లవారి లేస్తారో వారికి లోకమంతా సమకూర్చి ఇచ్చినట్లేనన్న భావం గల హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఆ హదీసు ప్రకారం ఆ మనిషి ఒక సామ్రాజ్యానికి అధిపతి. కానీ ఆ సంగతి అతనికి ఎవరూ గుర్తు చేయలేదు.

ఒక పెద్దమనిషి తన కుమార్తె వివాహానికి చేసిన అప్పు గురించి మాతో మాట్లాడుతూ, “హజ్రత్, మేము మా స్థోమతను చూసి పెళ్ళి చేయలేదు, వచ్చేవారి కళ్ళను చూసి చేశాము” అన్నాడు. ఆ వివాహం జరిగి ఏళ్ళు గడిచాయి. ఆనాడు వచ్చినవారికి ఆ విందు జ్ఞాపకం కూడా లేదు. అప్పు మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

సంతోషాన్ని రేపటికి వాయిదా వేయటం కూడా ఈ రోగానికి మరొక రూపమే. మన ఊళ్ళ నుండి ఎందరో సోదరులు కువైట్‌కు, సౌదీకి, దుబాయ్‌కి వెళ్ళి ఎండలో కష్టపడుతున్నారు. భార్యాబిడ్డల కోసం హలాల్ సంపాదన వెదకటం పుణ్యకార్యం. వారి చెమటను తక్కువ చేయటం మా ఉద్దేశ్యం కాదు. కానీ ఇల్లు కట్టగానే వచ్చేస్తానన్న వ్యక్తి, ఇల్లు పూర్తయ్యాక కుమార్తె పెళ్ళి అయ్యాక వస్తానంటాడు. ఆ తరువాత కుమారుని చదువు, ఆ తరువాత మరొక అంతస్తు. ఇంటివారు సైతం అక్కడినుండి వచ్చే డబ్బు గురించి అడిగినంతగా అక్కడి మనిషి గురించి అడగరు. అన్నీ సమకూరిన తరువాతే సంతోషం మొదలవుతుందని అనుకునేవారికి అన్నీ సమకూరే రోజు రాదు. అసలైన సంపన్నత వస్తువుల సమృద్ధిలో లేదు, మనసు సంపన్నంగా ఉండటంలో ఉందన్న దైవప్రవక్త (స) బోధన బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ నమోదై ఉంది.

ఇక అరబీలో మరొక పదం ఉంది: సఆదత్. సౌభాగ్యం, సంపూర్ణమైన ఆనందం అని దీనికి అర్థం. మన ఇళ్ళలో పిల్లలకు సయీద్, సయీదా అని ఎంతో ప్రేమతో పేర్లు పెట్టుకుంటాము. ఆ ధాతువు దివ్య ఖుర్ఆన్‌లో కేవలం రెండు చోట్ల వచ్చింది. ఆ రెండూ సూరా హూద్‌లోనే, 105, 108 ఆయతులలో ఉన్నాయి. ఆ రెండు చోట్లా ప్రస్తావన ప్రళయదినానిదే. ఆనాడు మానవులు రెండు వర్గాలవుతారు: దౌర్భాగ్యులు, సౌభాగ్యవంతులు. సౌభాగ్యవంతులు స్వర్గంలో ఉంటారు. అంటే అల్లాహ్ ఈ బిరుదును ఈ లోకంలో ఎవరి మెడలోనూ వేయలేదు. పరీక్ష రాస్తున్న విద్యార్థి తన జవాబుపత్రం మీద తానే ‘ఉత్తీర్ణుడు’ అని రాసుకోడు. మరి ఖారూన్‌ను చూసి అదృష్టవంతుడని తీర్పు చెప్పిన జనం చేసింది సరిగ్గా అదే పని. ఫలితాలు రాకముందే ఫలకం తగిలించారు.

ఈ సఆదత్ అనే పదాన్ని తన గ్రంథానికి పేరుగా పెట్టుకున్న ఒక మహా పండితుని జీవితాన్ని ఇక్కడ స్మరించుకుందాము. ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ) ఖురాసాన్‌లోని తూస్ పట్టణంలో 1058లో జన్మించారు. 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో ప్రధాన అధ్యాపకులుగా నియమితులయ్యారు. ఆ కాలంలో ఒక ఆలిమ్‌కు అంతకు మించిన పదవి లేదు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన వద్ద చదువుకునేవారు. మంత్రులు గౌరవించేవారు. మావంటి మదరసా ఉపాధ్యాయులు కలలో కూడా ఊహించలేని స్థానమది.

అంతటి స్థానంలో ఉన్న మనిషికి 1095లో విచిత్రమైన వ్యాధి సోకింది. పాఠం చెప్పటానికి కూర్చుంటే నాలుక కదలలేదు. అన్నం గొంతు దిగలేదు. ఇది శరీరానికి సంబంధించినది కాదని, మనసులో మొదలై శరీరానికి పాకిందని వైద్యులు చేతులెత్తేశారు. ఆ అనుభవాన్ని ఆయనే తన ఆత్మకథాత్మక గ్రంథం ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’లో దాపరికం లేకుండా రాశారు. తాను బోధిస్తున్నది అల్లాహ్ కోసమా, పేరుప్రతిష్ఠల కోసమా అని తనను తాను ప్రశ్నించుకున్నప్పుడు వచ్చిన జవాబే ఆయన నోటిని కట్టివేసింది. చివరకు పిల్లల పోషణకు సరిపడినంత ఉంచి, మిగిలిన ధనాన్ని పంచివేసి, బాగ్దాద్ విడిచిపెట్టారు. దమిష్ఖ్, బైతుల్ మఖ్దిస్, అల్ ఖలీల్, మక్కా, మదీనా నగరాలలో ఏకాంతంలో గడిపారు. పిల్లల పిలుపు ఆయనను తిరిగి స్వదేశానికి రప్పించింది. కొన్నేళ్ళకు మళ్ళీ పాఠం కూడా చెప్పారు. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.

‘కీమియాయె సఆదత్’ గ్రంథాన్ని ఆయన ఫార్సీలో రాశారు. పండితుల అరబీలో కాక, సామాన్యులకు అందే భాషలో సంతోషం గురించి చెప్పాలనుకున్నారు. అందులో మనిషిని ఒక రాజ్యంతో పోల్చారు. అవయవాలు ఆ రాజ్యంలోని పనివారు, కోరిక పన్నులు వసూలు చేసే అధికారి, కోపం నగర రక్షకుడు, బుద్ధి మంత్రి, హృదయం రాజు. పన్ను వసూలు చేసేవాడు లేకుండా రాజ్యం సాగదు. కానీ వాడే సింహాసనం ఎక్కితే ప్రజలు నాశనమవుతారు. ప్రతి అవయవానికీ దేనికోసం పుట్టిందో దానిలోనే రుచి ఉంటుందని కూడా ఆయన వివరించారు. కంటికి అందమైన రూపంలో, చెవికి మధురమైన స్వరంలో సుఖముంది. హృదయం మాత్రం తన సృష్టికర్తను తెలుసుకోవటానికి సృజించబడింది. కనుక కంటికీ, నాలుకకూ ఎంత వడ్డించినా హృదయం ఆకలితోనే ఉంటుంది. నిజామియాలో ఇమామ్ గారికి అన్నం దిగకపోవటం వెనుక ఉన్నది ఈ ఆకలే.

సూరా అర్‌రఅద్‌లో ఈ విషయం రెండే ఆయతుల ఎడంలో కనిపిస్తుంది. 26వ ఆయతులో ప్రాపంచిక జీవితాన్ని చూసుకొని మురిసిపోయేవారి ప్రస్తావన వస్తుంది. అక్కడి పదం ‘ఫరహ్’. 28వ ఆయతులో అల్లాహ్ సంస్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయన్న శుభవార్త వస్తుంది. అక్కడి పదం ‘ఇత్మీనాన్’. అలలు ఎగిసిపడటం ఒకటి, లోతున నీరు నిలకడగా ఉండటం మరొకటి. విశ్వాసికి ఈ లోకంలో వాగ్దానం చేయబడినది ఆ నిలకడ.

ఇంతవరకు చెప్పినదంతా మాకు పన్నెండేళ్ళ క్రితం కూడా తెలుసు. పాఠంగా తెలుసు. ఇప్పుడు మా తప్పు గురించి చెబుతాము.

మా మదరసాలో హిఫ్జ్ చేస్తున్న ఒక బాలుని అన్న, 17 ఏళ్ళవాడు, వేసవిలో స్నేహితులతో కాలువకు ఈతకు వెళ్ళి తిరిగి రాలేదు. జనాజా అయిన మూడవ రోజు మేము ఆ ఇంటికి వెళ్ళాము. తల్లి గోడకు ఆనుకొని కూర్చొని ఏడుస్తున్నది. గుండెలు బాదుకోవటం లేదు, అరవటం లేదు, అల్లాహ్‌ను నిందించే మాట ఒక్కటీ లేదు. ఊరికే కన్నీరు కారుతున్నది. మేము సూరా అల్ హదీద్ 23వ ఆయతు చదివాము. చేజారిన దానికి కుమిలిపోవద్దనీ, లభించిన దానికి మిడిసిపడవద్దనీ బోధించే ఆయతు అది. చదివి, “అమ్మా, విశ్వాసి అయినవారు ఇంతగా ఏడవకూడదు. అల్లాహ్ నిర్ణయాన్ని సంతోషంగా స్వీకరించాలి” అన్నాము. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని తల ఊపింది. మా మాట పనిచేసిందని మేము సంతృప్తిగా తిరిగివచ్చాము.

రెండు నెలలు గడిచాయి. ఆ బాలుని పాఠం కుంటుపడింది. వచ్చిన పారాలే మరచిపోసాగాడు. ఒకరోజు పక్కకు పిలిచి కారణం అడిగాము. చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరకు ఇలా అన్నాడు: “మా అమ్మ నమాజులో ఏడుస్తుంది హజ్రత్. నమాజు అయ్యాక తౌబా చేసుకుంటుంది. దేనికి తౌబా అని అడిగితే, ఏడ్చినందుకు అంటుంది.”

పాఠకులారా, ముప్ఫై ఏళ్ళకు చేరువైన మా ఉపాధ్యాయ జీవితంలో ఒక విద్యార్థి మాటకు మేము అంతగా సిగ్గుపడిన రోజు మరొకటి లేదు. కుమారుణ్ణి పోగొట్టుకున్న తల్లికి ఉన్న దుఃఖం చాలదన్నట్లు, ఆ దుఃఖం పాపమన్న భయాన్ని కూడా మేమే ఆమె నెత్తిన పెట్టి వచ్చాము.

ఆ రాత్రి సహీహ్ బుఖారీలోని జనాజా ప్రకరణం తెరిచాము. ఏటేటా మేమే పాఠం చెప్పే ప్రకరణమది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం (రజి) మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంట్లో, ఆయన భార్య పాలతో పెరుగుతున్నాడు. కొలిమి తిత్తులు ఊదటం వల్ల ఆ ఇల్లు పొగతో నిండి ఉండేది. ప్రవక్త (స) ఆ పొగలోనే వెళ్ళి బిడ్డను ఎత్తుకొని ముద్దాడేవారు. రెండేళ్ళయినా నిండని ఆ బిడ్డ తుదిశ్వాస విడుస్తున్న సమయంలో ప్రవక్త (స) వెళ్ళారు. ఆయన కళ్ళ నుండి నీరు కారింది. పక్కనే ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపడి, తమరు కూడానా అని అడిగారు. ఇది కారుణ్యమని ప్రవక్త (స) బదులిచ్చారు. కన్ను చెమ్మగిల్లుతుందనీ, హృదయం దుఃఖిస్తుందనీ, అయితే తమ ప్రభువుకు ఇష్టమైన మాట తప్ప మరొకటి పలకబోమనీ, ఆ బిడ్డ ఎడబాటు తమను ఎంతో బాధిస్తున్నదనీ చెప్పారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని ప్రజలు చెప్పుకోసాగారు. ఎవరి మరణం వల్లనో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ఆయన స్పష్టం చేశారు. తన దుఃఖాన్ని దాచుకోలేదు. దానిని ఆకాశమంత చేసి చూపటానికీ అంగీకరించలేదు.

హజ్రత్ యాఖూబ్ (అలైహి) సంగతి కూడా మనకు తెలిసినదే. కుమారుని ఎడబాటుకు ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు తెల్లబడ్డాయని సూరా యూసుఫ్ చెబుతోంది. ఆయనే అదే సూరాలో చక్కని సహనం గురించి మాట్లాడారు, తన బాధను అల్లాహ్‌కు మాత్రమే మొరపెట్టుకుంటున్నానన్నారు, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కుమారులకు బోధించారు. తెల్లబడిన కళ్ళూ, నిరాశ ఎరుగని హృదయమూ ఒకే మనిషివి. అల్లాహ్ ఆయన కన్నీటిని తప్పుపట్టలేదు.

ఇక మేము ఆ తల్లికి చదివి వినిపించిన ఆయతుకు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) గారి నుండి వచ్చిన వివరణ తఫ్సీరు గ్రంథాలలో ఉంది. దాని సారాంశం ఏమిటంటే, దుఃఖించని మనిషీ సంతోషించని మనిషీ లేడు. విశ్వాసి తన ఆపదను సహనంగానూ, తన మేలును కృతజ్ఞతగానూ మలచుకుంటాడు. ఆ వివరణ మాకు కంఠస్థం. ఆ ఇంటి గడపలో మాత్రం అది మాకు గుర్తు రాలేదు. ఆయతును మందుగా కాక, నోరు మూయించే మూతగా వాడాము.

మరునాడు మా ఇంటివారిని వెంటబెట్టుకొని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఇబ్రాహీం (రజి) వృత్తాంతం మొదటి నుండి చివరి వరకు చెప్పాము. ఆమె విని, “ప్రవక్త (స) కూడా ఏడ్చారా?” అని అడిగింది. అవునన్నాము. చాలాసేపు మౌనంగా ఉండి, “ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది హజ్రత్” అన్నది. మా దగ్గర సమాధానం లేదు. క్షమించమని అడిగి తిరిగివచ్చాము.

ఆనాటి నుండి సంతోషానికి అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు మేము ముందుగా ఒక మాట చెబుతున్నాము: సంతోషమంటే దుఃఖం లేకపోవటం కాదు. కన్నీరు వచ్చినా ప్రభువు వైపు నుండి ముఖం తిప్పుకోకపోవటం, నవ్వు వచ్చినా ప్రభువును మరచిపోకపోవటం. మేలు కలిగితే కృతజ్ఞత, కీడు కలిగితే సహనం, ఈ రెండూ విశ్వాసికి శుభమేనని సహీహ్ ముస్లింలోని ప్రసిద్ధ హదీసు బోధిస్తోంది. అందులో కీడు రాదన్న హామీ లేదు. వచ్చినది వృథా పోదన్న హామీ ఉంది.

ఉపవాసికి రెండు సంతోషాలున్నాయని ప్రవక్త (స) తెలిపారు: ఇఫ్తార్ సమయంలో ఒకటి, తన ప్రభువును కలుసుకున్నప్పుడు మరొకటి. అక్కడ కూడా ఉన్నది ‘ఫరహ్’ పదమే. ఒక ఖర్జూరం, ఒక గుక్క మంచినీరు కలిగించే సంతోషాన్ని అల్లాహ్ సమావేశపు సంతోషం పక్కన నిలబెట్టారు. ఆ ఖర్జూరానికి అంత రుచి ఎక్కడినుండి వచ్చింది? పగలంతా ఒకరి ఆజ్ఞ కోసం ఆగిన ఆకలి నుండి వచ్చింది. ఇచ్చినవానిని తలచుకుంటూ తిన్న ఒక్క పండులో ఉన్న ఆనందం ఖారూన్ తాళపుచెవుల మోపులో లేదు.

మన ఇళ్ళలో దీనిని ఆచరణలో పెట్టటం కష్టమేమీ కాదు. రాత్రి పడుకునే ముందు ఫోను చూసే పది నిమిషాలలో రెండు నిమిషాలు తీసి, ఆ రోజు అల్లాహ్ ఇచ్చినవి ఒక్కొక్కటిగా పిల్లలచేత చెప్పించండి. వారు మీరు మరచిపోయినవి గుర్తు చేస్తారు. సంపదలో మనకంటే తక్కువవారిని చూడమన్న ప్రవక్త (స) హితవును పెళ్ళి ఖర్చులు లెక్కవేసే రోజున తప్పక జ్ఞాపకం చేసుకోండి. పరదేశంలో ఉన్న మనిషికి ఫోను చేసినప్పుడు డబ్బు మాట కంటే ముందు తిన్నారా, నిద్ర పట్టిందా అని అడగండి. మృత్యువు వాలిన ఇంటికి వెళితే తొందరపడి ఉపదేశం చేయకండి. కాసేపు కూర్చోండి. వారి ఇంటికి వంట పంపండి. జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు ఆయన కుటుంబానికి వంట చేసి పంపమని ప్రవక్త (స) ఆదేశించారు. మాటలకు తరువాత సమయం ఉంటుంది.

ఆ తల్లి ఇప్పుడు ప్రతి జుమా రోజున మా మదరసా పిల్లలకు ఒక గిన్నెడు శనగ గుగ్గిళ్ళు పంపుతుంది, పోయిన కుమారుని పేరుమీద. చిన్న కుమారుడు హాఫిజ్ అయ్యాడు, అల్హందులిల్లాహ్. ఆ మధ్య ఒకసారి ఆమెే స్వయంగా గిన్నె తెచ్చినప్పుడు ఎలా ఉన్నారమ్మా అని అడిగాము. “అల్హందులిల్లాహ్ హజ్రత్. గుగ్గిళ్ళు తాలింపు వేసేటప్పుడు వాడు గుర్తొచ్చి ఏడుస్తాను. ఈ పిల్లలు తింటుంటే చూసి సంతోషపడతాను. రెండూ ఒక్క పూటలోనే” అన్నది.

తఫ్సీరు పాఠంలో ప్రశ్న అడిగిన విద్యార్థికి మేము ధాతువులూ, ఆయతులూ చెప్పాము. ఆ తరువాతి జుమా నాడు గుగ్గిళ్ళు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకొని ఈ సంగతి కూడా చెప్పాము. వాడు విని, తింటున్న చేతిని ఒక్క క్షణం ఆపాడు. ఆ తరువాత బిస్మిల్లాహ్ అని మళ్ళీ తినసాగాడు.

అల్లాహ్ మనకు తన అనుగ్రహాన్ని గుర్తించే కళ్ళనూ, కష్టంలో తనవైపే తిరిగే హృదయాలనూ ప్రసాదించుగాక. దుఃఖంలో ఉన్నవారి పట్ల మన నాలుకలను మృదువుగా ఉంచుగాక. ప్రళయదినాన మనల్నీ, మన సంతానాన్నీ సౌభాగ్యవంతుల వరుసలో నిలబెట్టుగాక. ఆమీన్.